ఒకే యుద్ధం - మూడు వంటిళ్లు

1939 సెప్టెంబరు 3వ తేదీ ఆదివారం. ఇంగ్లండులో కుటుంబాలు ఆరాధనకు వెళ్లే వేళ. ఉదయం 11 గంటల 15 నిమిషాలకు ప్రధానమంత్రి నెవిల్ చేంబర్లేన్ రేడియోలో మాట్లాడి, జర్మనీతో యుద్ధం మొదలైందని ప్రజలకు తెలియజేశాడు. అదే రోజున మన దేశంలో వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువు భారతదేశం కూడా యుద్ధంలో ఉన్నదని ప్రకటించాడు. సుమారు 39 కోట్ల ప్రజలున్న దేశాన్ని యుద్ధంలోకి దించేముందు ఇక్కడి ప్రజానాయకులను సంప్రదించలేదు. అందుకు నిరసనగా ఆ సంవత్సరంలోనే మద్రాసులోని రాజగోపాలాచారి మంత్రివర్గంతో సహా కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేశాయి.

అలా మొదలైన రెండవ ప్రపంచ యుద్ధం ఆరు సంవత్సరాలు సాగింది. ఆరు కోట్లకు పైగా ప్రజలు చనిపోయారు. వారిలో ఆయుధం పట్టినవారి కంటే పట్టనివారే ఎక్కువ. సేనాధిపతుల గురించి, ట్యాంకుల గురించి, అణుబాంబు గురించి పుస్తకాలు చాలా వచ్చాయి. అయితే యుద్ధం ప్రతి దేశంలోనూ మరొక చోట కూడా జరిగింది. అది వంటిల్లు. పొయ్యి దగ్గర కూర్చున్న తల్లి కూడా యుద్ధం చేసింది. ఆమె చేతిలో ఉన్నది తుపాకి కాదు, కొలిచే డబ్బా.

ఒకే చక్రవర్తి ఏలుబడిలో ఉన్న మూడు ప్రాంతాల వంటిళ్లను ఈ వ్యాసంలో చూద్దాము. ఒకటి ఇంగ్లండు, రెండవది మన తెలుగు తీరం, మూడవది బెంగాలు. మూడు చోట్లా కొరత వచ్చింది. ఆ కొరతను పంచుకున్న తీరు మాత్రం ఒకటి కాదు.

ఇంగ్లండు వంటిల్లు

ఇంగ్లండు ఉన్నది ఒక ద్వీపం మీద. తినే తిండిలో సగానికి మించి ఓడల మీద రావలసిందే. ఆ ఓడలను జర్మను జలాంతర్గాములు ముంచుతున్నాయి. గనుక 1940 జనవరి 8 నుండి అక్కడ రేషను పెట్టారు. మొదట వెన్న, చక్కెర, ఉప్పు పట్టిన పంది మాంసం. తరువాత మాంసం, టీ, జున్ను ఒకదాని వెంట ఒకటి రేషనులోకి వచ్చాయి. రోజుకు నాలుగైదుసార్లు టీ తాగే ఆ ప్రజలకు తలకు వారానికి రెండు ఔన్సుల టీపొడి ఇచ్చారు. అంటే 57 గ్రాములు. 1941 జూన్ నుండి బట్టలకు కూడా కూపన్లు వచ్చాయి.

యుద్ధం మొదలైన తొలి రోజుల్లోనే సుమారు 15 లక్షల మందిని పట్టణాల నుండి పల్లెలకు తరలించారు. వారిలో ఎక్కువమంది బడి పిల్లలు. మెడలో పేరు రాసిన చీటీ, చేతిలో చిన్న సంచి పట్టుకొని, ముఖపరిచయం లేని ఇళ్లకు వెళ్లారు. 1940 సెప్టెంబరు నుండి 1941 మే వరకు జరిగిన బాంబుదాడులలో నలభైవేలకు పైగా పౌరులు చనిపోయారు. 1941 డిసెంబరులో వచ్చిన చట్టంతో పెళ్లికాని యువతులకు కూడా యుద్ధసేవ తప్పనిసరి అయింది. ఆడవారు ఫ్యాక్టరీలలో మరలు బిగించారు, పొలాలలో ట్రాక్టర్లు తోలారు. పూలతోటలు తవ్వి బంగాళాదుంపలు వేశారు.

ఇంత కష్టంలోనూ ఒక విశేషం జరిగింది. రేషను పుస్తకం ధనవంతునికీ బీదవానికీ ఒకటే. రాజకుటుంబానికి కూడా రేషను పుస్తకాలు ఇచ్చారు. గర్భిణులకు, ఐదేండ్ల లోపు పిల్లలకు రోజుకు ఒక పింటు పాలు, అంటే అర లీటరుకు కొంచెం ఎక్కువ, తక్కువ ధరకు ఇచ్చారు. బొత్తిగా లేనివారికి ఉచితంగా ఇచ్చారు. పిల్లలకు నారింజ రసం, చేప నూనె పంచారు. అందువలన, యుద్ధానికి ముందు కడుపునిండా తినని బీద కుటుంబాల తిండి యుద్ధకాలంలో కొంత మెరుగైంది. తొలి సంవత్సరాలలో పెరిగిన శిశుమరణాలు 1945 నాటికి యుద్ధానికి ముందున్న లెక్క కంటే తగ్గాయి. ఉన్నది కొంచెమే, కాని అందరికీ అందింది.

మన తీరపు వంటిల్లు

యుద్ధం మొదలైన రెండేళ్ల వరకు మన పల్లెలకు అది దూరపు వార్తే. 1941 డిసెంబరులో జపాను యుద్ధంలోకి దిగిన తరువాత పరిస్థితి మారిపోయింది. డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు, మార్చి మొదటి పక్షంలో రంగూన్ జపాను వశమయ్యాయి.

రంగూన్ పేరు మన ఉత్తర కోస్తా ఇళ్లలో కొత్త పేరు కాదు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, బారువ రేవుల నుండి స్టీమర్లెక్కి లక్షలాది మంది బర్మాకు కూలికి వెళ్లేవారు. రంగూన్ రేవులో మూటలు మోసింది, బియ్యపు మిల్లులలో ధాన్యం ఆడించింది చాలావరకు తెలుగువారే. కోరంగి రేవు పేరు మీదుగా అక్కడ వారిని కోరంగీలు అని పిలిచేవారు. 1931 జనాభా లెక్కలలో రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. వారు పంపిన మనియార్డర్లతో ఇక్కడ ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగేది.

బాంబులు పడగానే ఆ జనమంతా ఇంటిదారి పట్టారు. ఓడలలో చోటు దొరికినవారు కొద్దిమంది. మిగిలినవారు అరకాను కొండల మీదుగా చిట్టగాంగుకు, తమూ మీదుగా మణిపురానికి, ఉత్తరాన హుకాంగు లోయ అడవుల గుండా అస్సాముకు నడిచారు. కలరా, మలేరియా, వాన, బురద, ఆకలి. సుమారు ఐదు లక్షల మంది భారతదేశం చేరారని అంచనా. దారిలో రాలిపోయినవారి లెక్క ఎవరూ సరిగా రాయలేదు. అది పదుల వేలలోనే ఉంటుందని చరిత్రకారులు చెబుతారు. ఆ చావుబ్రతుకుల నడకలో కూడా తెల్లవారికి ఒక దారి, నల్లవారికి ఒక దారి కేటాయించారని ఆనాడే ఫిర్యాదులు వచ్చాయి.

1942 ఏప్రిల్ 5 పునరుత్థాన పండుగ ఆదివారం. ఆ ఉదయం జపాను విమానాలు కొలంబో మీద దాడి చేశాయి. మరునాడు, ఏప్రిల్ 6 సోమవారం, ర్యూజో అనే విమానవాహక నౌక నుండి వచ్చిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ కొద్దిరోజుల్లో బంగాళాఖాతంలో ఇరవైకి పైగా సరుకు ఓడలు మునిగిపోయాయి. ఊళ్లు ఖాళీ అయ్యాయి. పిల్లలను, ముసలివారిని బండ్లలో ఎక్కించుకొని జనం లోపలి పల్లెలకు పోయారు. జపాను సేన దిగబోతున్నదనే వదంతికి మద్రాసు నగరం కూడా చాలావరకు ఖాళీ అయింది. ప్రభుత్వ కార్యాలయాలను లోపలి ఊళ్లకు మార్చారు. బాంబుదాడిలో బోనులు పగిలితే ప్రమాదమని మద్రాసు జంతుప్రదర్శనశాలలోని క్రూరమృగాలను కాల్చివేశారు.

సేన దిగలేదు. కొరత మాత్రం దిగింది. అంతకుముందు బర్మా నుండి మన దేశానికి ఏటా పది లక్షల టన్నులకు పైగా బియ్యం వచ్చేది. అది ఒక్కసారిగా ఆగిపోయింది. రైళ్లు సైన్యం పనిలో ఉన్నాయి. 1928లో వేసిన కాకినాడ - కోటిపల్లి రైలుమార్గం పట్టాలనే యుద్ధ అవసరాల కొరకు పీకి తీసుకుపోయారు. కోనసీమ అంచున ఉన్న కోటిపల్లికి మళ్లీ రైలు వచ్చింది 2004లో.

ఆ కాలంలోనే మన పల్లెలకు కొన్ని కొత్త మాటలు వచ్చాయి. కంట్రోలు బియ్యం, కంట్రోలు గుడ్డ, కోటా, పర్మిట్టు, బ్లాకు మార్కెట్టు. కిరసనాయిలు దొరకక దీపం తొందరగా ఆర్పేవారు. కాగితం కరువై పత్రికలు పలుచబడ్డాయి. 1940లో రూపాయి నాణెంలోని వెండిని సగానికి తగ్గించారు. లోహం ఆదా కొరకు 1943లో నడుమ రంధ్రమున్న కానీని విడుదల చేశారు. దానినే మనవారు చిల్లు కానీ అన్నారు. ఆడపిల్లలు దారానికి గుచ్చుకొని ఆడుకున్న నాణెం అది. చివరకు గడియారం కూడా మారింది. 1942 సెప్టెంబరు 1 నుండి 1945 అక్టోబరు 15 వరకు దేశమంతటా ఒక గంట ముందుకు జరిపారు.

యుద్ధం ఖర్చుకు ప్రభుత్వం నోట్లు అచ్చువేస్తూ పోయింది. యుద్ధం ముగిసేనాటికి చెలామణిలో ఉన్న నోట్లు ఐదు రెట్లకు మించి పెరిగాయి. సరుకు తక్కువ, నోట్లు ఎక్కువ. ధరలు మండిపోయాయి. గింజలు అమ్ముకొనే పెద్ద రైతు అప్పు తీర్చుకున్నాడు. గింజలు కొనుక్కొనే కూలివాని సంగతి వేరు. అతని కూలి అంత తొందరగా పెరగలేదు.

1943లో మద్రాసు నగరంలో రేషను మొదలై, క్రమంగా ఇతర పట్టణాలకు వచ్చింది. అన్నానికి అలవాటు పడిన తెలుగు తల్లి చేతికి గోధుమలు, జొన్నలు వచ్చాయి. వాటితో ఏమి వండాలో తెలియక తికమకపడినవారు చాలామంది. నైజాం ఏలుబడిలోని తెలంగాణ పల్లెల్లో రైతుల నుండి లెవీ పేరిట ధాన్యం బలవంతంగా వసూలు చేశారు. దొరలు తప్పించుకుంటే చిన్న రైతు గాదె ఊడ్చి ఇవ్వవలసి వచ్చింది. తరువాత వచ్చిన తెలంగాణ రైతాంగ పోరాటానికి ఆ లెవీ కూడా ఒక కారణం.

ఇక సైన్యం. 1939లో రెండు లక్షల చిల్లర ఉన్న భారత సైన్యం 1945 నాటికి సుమారు 25 లక్షలైంది. వారందరూ స్వచ్ఛందంగా చేరినవారే. కాని ఆ స్వచ్ఛందం వెనుక ఆకలి ఎంత ఉన్నదో ఆ ఇళ్లకే తెలుసు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం నుండి రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుష్యులు వెళ్లారు. ఆ ఊరిని ఇప్పటికీ మిలిటరీ మాధవరం అంటారు. ఎనభైవేలకు పైగా భారత సైనికులు తిరిగి రాలేదు.

సంఘాల మీద కూడా ఆ దెబ్బ పడింది. జయపురం కొండ ప్రాంతంలో పనిచేస్తున్న జర్మను లూథరన్ మిషనరీల వంటివారిని శత్రుదేశస్థులని నిర్బంధించారు. దెహ్రాదూన్ దగ్గర అలాంటి పెద్ద శిబిరం ఉండేది. జర్మనీ నుండి డబ్బు ఆగింది, మనుష్యులు ఆగారు. ఇక్కడి పాస్టర్లు, ఉపదేశులు, బైబిలు స్త్రీలు ఆ భారమెత్తుకున్నారు.

బెంగాలు వంటిల్లు

మూడవ వంటిల్లు గురించి రాయడం కష్టం. అక్కడ పొయ్యి ఆరిపోయింది.

బర్మా పోయిన తరువాత జపాను సేన బెంగాలు మీదికి వస్తుందని ప్రభుత్వం భయపడింది. వస్తే వారికి దొరకకూడదని 1942లో తీరప్రాంతపు మిగులు బియ్యాన్ని సేకరించింది, వేల కొద్దీ పడవలను స్వాధీనం చేసుకొంది లేక పాడుచేసింది. నదులే రోడ్లయిన ఆ దేశంలో పడవ పోతే చేపల వేట పోయినట్లే, సంత పోయినట్లే. 1942 అక్టోబరు 16న మిదునపూరు తీరాన్ని పెనుతుపాను, ఉప్పెన ముంచెత్తాయి. దివిసీమ ఉప్పెనను ఎరిగిన మనకు దాని అర్థమేమిటో వేరే చెప్పనక్కరలేదు.

ఆ పైన ధర. 1942 డిసెంబరులో కలకత్తాలో బెంగాలు మణుగు బియ్యం, అంటే సుమారు 37 కిలోలు, 14 రూపాయలకు లోపు ఉండేది. 1943 మే నాటికి 30 రూపాయలు దాటింది. కొన్నిచోట్ల వంద రూపాయలకు ఎక్కింది. వ్యాపారులు దాచారు. కలకత్తాలో యుద్ధానికి అవసరమైన ఫ్యాక్టరీల పనివారికి, ప్రభుత్వోద్యోగులకు తక్కువ ధరకు బియ్యం అందేలా ఏర్పాటు చేశారు. పల్లెలోని కూలివానికి, జాలరికి, కుమ్మరికి, మంగలికి ఆ ఏర్పాటు లేదు. వారి చేతిలో కార్డు లేదు, కొనడానికి డబ్బు లేదు. మొదట ఇత్తడి చెంబు అమ్మారు, తరువాత ఆవు, తరువాత అరెకరం పొలం, తరువాత ఇంటి పైకప్పు రేకులు. అమ్మడానికి ఏమీ మిగలనప్పుడు కలకత్తాకు నడిచారు. అన్నం అడిగితే ఎవరూ పెట్టరని తెలిసి గంజి అడిగారు. ఆ గంజి కొరకు గుమ్మాల ముందు నిలబడి, అక్కడే పడిపోయారు.

యుద్ధకాలపు ఆంక్షల మధ్య ఈ సంగతి చాలాకాలం బయట ప్రపంచానికి తెలియలేదు. 1943 ఆగస్టులో కలకత్తాలోని స్టేట్స్‌మన్ పత్రిక సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్ వీధులలో పడివున్నవారి ఫొటోలను ప్రచురించాడు. అప్పుడు కదలిక వచ్చింది. ఇక్కడి అధికారులు ధాన్యపు ఓడలు పంపమని పదేపదే అడిగినా, లండన్‌లోని యుద్ధ మంత్రివర్గం అడిగినదానిలో కొద్ది భాగమే మంజూరు చేసింది. అక్టోబరులో కొత్త వైస్రాయి వేవెల్ వచ్చి, పల్లెలకు తిండి చేరవేసే పనిలో సైన్యాన్ని దించాడు. అప్పటికే చాలా ఆలస్యమైంది. ప్రభుత్వ విచారణ సంఘం మృతులు 15 లక్షలని 1945లో చెప్పింది. తరువాతి పండితులు 20 నుండి 30 లక్షల వరకు ఉంటారని లెక్కకట్టారు. యుద్ధరంగంలో చనిపోయిన భారత సైనికుల కంటే ఇరవై, ముప్పై రెట్లు ఎక్కువ.

అర్థశాస్త్రవేత్త అమర్త్య సేన్ ఆ కరువు నాటికి తొమ్మిది, పదేండ్ల పిల్లవాడు. పెద్దయ్యాక ఆ లెక్కలన్నీ తీసి పరిశీలించాడు. 1943లో బెంగాలులో ఉన్న ధాన్యం 1941లో కంటే తక్కువేమీ కాదని, ప్రజలకు దానిని కొనే శక్తి లేకపోవడమే చావులకు ముఖ్యకారణమని 1981లో వచ్చిన తన గ్రంథంలో వివరించాడు. పంట ఎంత తగ్గిందనే విషయంలో ఇతర పండితులకు భిన్నాభిప్రాయాలున్నాయి. కాని ఉన్న గింజలు బీదవాని గిన్నెలోకి రాలేదన్న మాటను ఎవరూ కాదనలేరు.

మారిన దేశాలు

యుద్ధంలో గెలిచిన ఇంగ్లండు అప్పులలో మునిగిపోయింది. అంతకుముందు మన దేశం ఇంగ్లండుకు బాకీ. యుద్ధం ముగిసేసరికి ఇంగ్లండే మనకు సుమారు 130 కోట్ల పౌండ్లు బాకీ పడింది. మన సరుకు తీసుకొని, మన సైన్యాన్ని వాడుకొని, తరువాత ఇస్తామని రాసిన లెక్క అది. సామ్రాజ్యాన్ని మోసే శక్తి ఇక దానికి లేదు. కరువు చూసిన ప్రజలకు దానిని సహించే ఓపికా లేదు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమం, 1946లో నావికుల తిరుగుబాటు ఆ సంగతిని స్పష్టం చేశాయి.

జపాను లొంగిపోయినది 1945 ఆగస్టు 15న. సరిగా రెండు సంవత్సరాలకు, 1947 ఆగస్టు 15న, మనకు స్వాతంత్ర్యం వచ్చింది, దేశం చీలింది. 1948 జనవరిలో బర్మా, ఫిబ్రవరిలో సింహళం స్వతంత్రమయ్యాయి. 1949లో జర్మనీ రెండు రాజ్యాలైంది. 1945 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి పుట్టింది. ఇంగ్లండులో, రేషను క్యూలో ఒకటిగా నిలబడిన ప్రజలు యుద్ధం ముగిశాక కూడా ఆ సమానత్వాన్ని వదులుకోదలచలేదు. ధనిక, బీద భేదం లేకుండా అందరికీ ఉచిత వైద్యం ఇచ్చే జాతీయ ఆరోగ్య సేవ 1948 జూలై 5న అక్కడ ప్రారంభమైంది. రేషను పూర్తిగా ఎత్తివేసింది 1954 జూలైలో.

రంగూన్ వెళ్లిన మనవారి కథ అంతటితో ముగియలేదు. యుద్ధం తరువాత కొందరు తిరిగి వెళ్లారు. 1962లో అక్కడ సైనిక ప్రభుత్వం వచ్చి వ్యాపారాలను జాతీయం చేయడంతో మళ్లీ ఓడలెక్కి వచ్చారు. విశాఖపట్నం కంచరపాలెంలోని బర్మా క్యాంపు అనే పేరు ఆ చరిత్రకు గుర్తుగా మిగిలింది.

మన చేతిలో మిగిలిన కార్డు

మద్రాసు రాష్ట్రంలో బియ్యం మీద కంట్రోలును రాజాజీ 1952లో ఎత్తివేశారు. అయినా చౌకధరల దుకాణం అనే ఆలోచన పోలేదు. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది ఆ దుకాణాల ద్వారానే. 2013లో జాతీయ ఆహార భద్రతా చట్టం వచ్చింది. 2020లో కరోనా కాలంలో పనులు ఆగినప్పుడు బీద ఇళ్లకు గింజలు చేరినదీ ఆ కార్డు మీదనే. ముసలివారు ఇప్పటికీ ఆ బియ్యాన్ని కంట్రోలు బియ్యం అనే అంటారు. ఆ మాట వెనుక ఒక ప్రపంచ యుద్ధం ఉన్నది. కార్డు లేక చనిపోయిన బెంగాలు పల్లెలూ ఉన్నాయి.

కనుక రేషను బియ్యాన్ని చులకనగా చూడవద్దు. దానిని పక్కదారిలో అమ్మేవాడు చిన్న దొంగతనం చేస్తున్నాడని అనుకోవద్దు. మన ఊరిలో కార్డు లేని ఇల్లు ఏదో, వేలిముద్ర పడక ఖాళీ సంచితో తిరిగి వస్తున్న ముసలమ్మ ఎవరో తెలుసుకొని, ఆమెతోపాటు కార్యాలయానికి వెళ్లే యువకులు ప్రతి సంఘంలో ఇద్దరైనా ఉంటే చాలు. బెంగాలులో కొరవడినది అటువంటి పనే.

మరొక మాట. మీ ఇంటి పాత ట్రంకు పెట్టెలో తాతగారి సైన్యపు డిశ్చార్జి కాగితమో, రంగూన్ నుండి వచ్చిన కార్డు ముక్కో, చిల్లు కానీయో ఉండవచ్చు. చెత్త అని పారవేయకండి. తొంభై దాటిన పెద్దవారు ఇంట్లో ఉంటే, ఆ రోజుల్లో ఏమి వండుకున్నారో, ఎవరింటికి ఎవరు గంజి పోశారో పిల్లల చేత అడిగించి రాయించండి. యుద్ధంలో ఏ దేశం గెలిచిందో బడి పుస్తకాలు చెబుతాయి. కరువులో ఏ ఇల్లు ఏ ఇంటిని కాపాడిందో మనం రాసుకోకపోతే మరెవరూ రాయరు.